ఒంటికాయ సొంటికొమ్ములకు ఓ మాట

సియాటిల్ దగ్గర ఎరిక్ బరోన్ అనే కుర్రాడు 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తిచేశాడు. ఉద్యోగం దొరకలేదు. ఈలోపు చేయి తిరుగుతుందని ఓ చిన్న గేమ్ రాయడం మొదలుపెట్టాడు. అది నాలుగున్నరేళ్లు సాగింది. కోడూ బొమ్మలూ సంగీతమూ మాటలూ అన్నీ అతనివే. 2016 ఫిబ్రవరిలో వచ్చిన ఆ 'స్టార్‌డ్యూ వ్యాలీ' ఇప్పటికి 4 కోట్ల కాపీలు దాటింది.

ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఈ కథంటే ప్రాణం. అయితే ఇందులో సగమే చెప్పుకుంటారు. ఆ రోజుల్లో అతను థియేటర్లో జనానికి సీట్లు చూపిస్తే వచ్చింది చిల్లరే; ఇల్లు గడిచింది ప్రధానంగా స్నేహితురాలి సంపాదనతో. 2018లో నలుగురు కలిసి ఆడుకునే సదుపాయం పెట్టాల్సి వచ్చినప్పుడు, ఆ నెట్‌వర్క్ పనికి ప్రచురణ సంస్థవాళ్లు చేయివేశారు.

అలాగని మొదటి రోజే పదిమందిని పోగేయకండి. ఐబీఎంలో భారీ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఆలస్యమైన పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. లెక్క చూడండి: ముగ్గురుంటే మాట కలవాల్సిన జతలు మూడు, పదిమందైతే 45. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన!

నాకు నచ్చిన దారి లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌ది. 2005 ఏప్రిల్లో, లినక్స్ కోడ్ దాచుకునే పాత సాధనం చేజారిపోతే, కూర్చుని కొద్దిరోజుల్లో దాని బదులు 'గిట్' మొదటి రూపం తనే రాసేశాడు. జులైకల్లా దాన్ని జునియో హమానో అనే ప్రోగ్రామర్ చేతిలో పెట్టాడు. అసలిది ఏమిటన్నది తేలేదాకా ఒక్కడే, తేలాక ఇతరులది. రెండో సగమే కష్టం. మనం కన్న బిడ్డను పక్కవాడు ఎత్తుకుంటే గుండె ఝల్లుమంటుంది మరి.

నాకు ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది. పిన్ని కోసం చీటీల లెక్కలు రాసుకునే యాప్ ఒకటి మొదలుపెట్టాను. మూడు నెలలు ఎవరికీ చూపించలేదు. బటన్ రంగు మార్చడానికే రెండు ఆదివారాలు పోయాయి (చివరికి మొదటి రంగే ఉంచాను). ఒకే పేరు రెండుసార్లు ఎక్కకుండా కట్టుదిట్టం కూడా చేశాను. దాని మీద నాకు భలే గర్వం.

ఫోన్ పిన్ని చేతికిచ్చాను. అర నిమిషం గడవలేదు.

"ఒరేయ్, పక్కింటావిడ రెండు చీటీలు వేసింది. ఒక్కటే తీసుకుంటోందేం?"

నా గర్వమే తప్పన్నమాట! ఒంటరి పనిలో అసలు ముప్పు ఇక్కడే ఉంది. కష్టపడలేక కాదు, తప్పును మురిపెంగా తీర్చిదిద్దుతూ కూర్చుంటాం.

కాబట్టి మీరు చేస్తున్నది ఎంత అరకొరగా ఉన్నా, ఈ ఆదివారం ఒకరి చేతిలో పెట్టండి. మెచ్చుకునే మిత్రుడికి వద్దు, దాన్ని వాడాల్సినవాళ్లకు ఇవ్వండి. 'ఇక్కడ నొక్కాలి' అనకండి. నోరు కుట్టేసుకుని వాళ్ల వేలు ఎక్కడ ఆగుతోందో చూడండి. ఆగిన చోట్లు మీరొక్కరే సర్దగలిగితే సర్దండి, లేదంటే తోడు వెతుక్కోండి. అదీ ఒక్కరినే, మీకు రాని పని వచ్చినవాళ్లను.

పిన్ని ఫోన్ తిరిగిస్తూ ఇంకో మాట అడిగింది.

"ఇద్దరు కలిసి ఒక్క చీటీ వేస్తేనో?"

ఆ సాయంత్రమే ఓ స్నేహితుడికి ఫోన్ చేశాను.