పాతసామానుల సంతలో కెమెరా

సంత అనగానే మన మనస్సులో కూరగాయలు, పశువులు, మట్టికుండలు మెదులుతాయి. హైదరాబాదు నగరంలో ఇందుకు భిన్నమైన సంతలు కొన్ని ఉన్నాయి. ఒక ఇంట పని తీరిపోయిన వస్తువు మరొక ఇంటిని వెదకుకొనే చోట్లవి. పురానాపూల్ సమీపంలోని సంతకు అది జరిగే వారం పేరే నిలిచి, జుమ్మేరాత్ బజారు అయింది. ఆబిడ్స్ కాలిబాటల మీద ఆదివారాలలో పాతపుస్తకాలు పరచి అమ్మడం పుస్తకప్రియులందరికీ తెలిసినదే. ఎర్రగడ్డ ఆదివారపు సంతలో మాత్రం ఇది లేదు, అది లేదు అనడానికి వీలు లేదు. గురువారం తరగతులు మానలేము గనుక మేము ఎర్రగడ్డనే ఎంచుకొన్నాము. మేమనగా తెలుగు మాధ్యమం వారము ముగ్గురము, ఉర్దూ మాధ్యమం వారము ఇద్దరము. అందరికీ కలిపి ఒకే కెమెరా.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఉర్దూలోని 'పురానా', తెలుగులోని 'పురాణం' ఒకే సంస్కృత పదం నుండి వచ్చినవి. ఒక భాషలో అది వాడి పాతదైన వస్తువు, మరొక భాషలో భక్తితో వినే కథ. ఆ సంతలో తిరిగినంతసేపూ మాకు రెండర్థాలూ స్ఫురిస్తూనే ఉండేవి.

ఛాయాచిత్రణం నేర్వగోరే విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠశాల దొరకదు. మొదటి పాఠం వెలుగుది. నూరు వేగం గల ఫిల్ముతో, నిండు ఎండలో, షట్టరును సెకనులో నూట ఇరవై అయిదవ వంతుకు ఉంచితే అపర్చరు ఎఫ్ 16 సరిపోతుందని పాత ఛాయాగ్రాహకుల లెక్క. అయితే ఎర్రగడ్డ దారి మీదుగా మెట్రో రైలు వంతెన సాగుతుంది. ఆ నీడలోకి అడుగు పెట్టగానే అదే లెక్క ఎఫ్ 5.6 దాకా దిగిపోతుంది. ఒకే దుప్పటి సగం ఎండలో, సగం నీడలో ఉంటే రెంటినీ ఒక చిత్రంలో ఇమిడ్చే ప్రయత్నం వృథా; ఏదో ఒకటి ఎంచుకోవలసిందే. తెల్ల దుప్పటిని చూచి కెమెరాలోని మీటరు మోసపోతుంది. వెలుగు అధికంగా ఉన్నదని భ్రమించి చిత్రాన్ని నల్లబరుస్తుంది. కనుక అటువంటి చోట మీటరు చెప్పినదానికంటె ఒక మెట్టు ఎక్కువ వెలుగు ఇవ్వాలి. నల్లని టార్పాలిన్ మీద ఇనుపసామాను ఉన్నప్పుడు దీనికి విపర్యయం. నీలి టార్పాలిన్ పందిరి కింద కూర్చున్న వారి ముఖాలు రంగుచిత్రంలో రోగుల ముఖాలవలె కనబడతాయి. ఆ దోషం మేము మొదటి వారమే చేశాము.

ఇక రెండవ పాఠం కూర్చోవడం. సరుకంతా నేల మీద ఉంటుంది. నిలుచుండి తీసిన చిత్రంలో వస్తువులు చదునుగా పడి ఉంటాయి. అమ్మేవాని నడినెత్తి తప్ప ముఖం కనబడదు. మోకాళ్ల మీద కూర్చుంటేనే స్క్రూడ్రైవర్ల వరుసకు, దాని వెనుక మనిషికి లోతు వస్తుంది. మా దుస్తులకు అంటిన గ్రీజు మరకలను గురించి ఇళ్లలో విన్న మాటలు ఇక్కడ వ్రాయము.

మూడవ పాఠం కెమెరాలో లేదు. రెండవ ఆదివారం నాడు, పాత డ్రిల్లింగు యంత్రాన్ని బేరమాడుతున్న ఒకరిని మేము దూరం నుండి, అడగకుండా చిత్రించాము. కొనేవాడు కెమెరాను చూచి ముఖం తిప్పుకొని వెళ్లిపోయాడు. అమ్మే పెద్దాయన దుప్పటి నాలుగు కొసలూ పట్టి మూటకట్టి, "పోలీసోళ్లా, పేపరోళ్లా మీరు?" అని అడిగాడు. విద్యార్థులమన్నాము. "మీకు సదువు, మాకు బేరం. దీన్ని చోర్ బజార్ అని రాస్తరు, మా మొకం పక్కన పెడ్తరు" అన్నాడు. మా వద్ద సమాధానం లేదు. ఆ మాటను మేమూ నవ్వుతూ వాడినవారమే. అతడు తుక్కుదుకాణంలో తూకానికి కొని, బాగుచేసి తెచ్చిన యంత్రమది. అతని ఆదివారపు బేరాన్ని మేము పోగొట్టాము.

హైదరాబాదుకు ఛాయాచిత్రణంలో ఘనమైన వారసత్వం ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) 1892లో పరదా పాటించే స్త్రీల కొరకు ప్రత్యేకంగా స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. చిత్రంలో ఎవరుండాలి, ఎవరెదుట ఉండాలి అన్నది ఆయన ఆలోచించాడు. కోటలలోని వారికి దొరికిన ఆ మర్యాద దుప్పటి పరచుకొని కూర్చున్నవానికి ఎందుకు దక్కరాదు?

అప్పటి నుండి నియమం మార్చుకొన్నాము. మొదటి గంట కెమెరా సంచిలోనే ఉంటుంది. పిదప "చచ్చా, ఫోటో లేలూఁ?" అనో, "అన్నా, ఫోటో తీసుకోవచ్చునా?" అనో అడుగుతాము. వద్దన్నవారే ఎక్కువ. కొందరు ముఖం వద్దు, చేతులు తీసుకొమ్మన్నారు. ఆ చేతుల చిత్రాలే మా సంపుటిలో మేలైనవి. తీసిన ప్రతి చిత్రానికీ ఒక ప్రతి వారికి ఇవ్వాలన్నది రెండవ నియమం. కళాశాల నోటీసుబోర్డు కంటె ముందు వారికి చేరాలి.

ఒకచోట పటాలు కట్టిన పాత ఫోటోలు గోడకు ఆనించి ఉన్నాయి. పెళ్లి దంపతులు, టోపీ పెట్టుకొన్న బాలుడు, కుర్చీ పట్టుకొని నిలిచిన యువతి. ధర అడిగితే చెక్క చట్రానికి చెప్పాడు. "ఫోటో తీసి పారేస్తలెండి, పటం తీసుకొనిపోండి" అన్నాడు. ఆ యువతి ఏ ఇంటిదో, ఆ ఇల్లు ఎవరు ఖాళీ చేశారో! మాలో ఒకరు ఫోటోతోనే కావాలని కొన్నారు. చట్రానికి చెదలు పట్టి ఉన్నది; చిత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

డ్రిల్లింగు యంత్రం పెద్దాయనకు మూడు వారాల తరువాత ఆనాటి చిత్రం ప్రతిని, అందులో ముఖం లేకుండా కత్తిరించి, తీసుకొని వెళ్లాము. చూచి, "నా మొకమేది?" అన్నాడు. మరుసటి ఆదివారం పూర్తి చిత్రం తీసుకొని వెళ్లేసరికి ఆ చోట వేరొకరు చెప్పులు పరచుకొని కూర్చున్నారు. ఆ ప్రతి మా వద్దనే ఉన్నది. వెళ్లిన ప్రతి ఆదివారమూ సంచిలో పెట్టుకొని వెళుతున్నాము.