చెంబు, దారం, కాటా: రాళ్ళ సాంద్రత కొలుద్దాం

మా వీధిలో ఎనిమిదో తరగతి పిల్లలకు సాయంత్రాలు ట్యూషన్ చెబుతున్నాను. "బి.ఏ. చదివేదానివి, సైన్సు నీకెందుకే?" అంటుంది అమ్మ. భూగోళం నా సబ్జెక్టు, కాబట్టి రాళ్ళు నావే అన్నాను.

సాంద్రత అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించడం. ఇది పిల్లలందరికీ కంఠతా వచ్చు. కానీ వంకరటింకర రాయి ఘనపరిమాణం ఎలా కొలుస్తాం? దీనికి వంటింటి డిజిటల్ కాటా చాలు. ముందు రాయిని తూచి రాసుకోండి. తర్వాత నీళ్ళ చెంబును కాటా మీద పెట్టి, సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ అంచుకూ తగలకుండా చేత్తో వేలాడదీయండి. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే రాయి అన్ని ఘన సెంటీమీటర్లు.

"రాయి బరువంతా చూపించాలి కదక్కా?" అని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. రాయి తొలగించిన నీళ్ళు ఎంత బరువో, అంత బలంతో నీళ్ళు రాయిని పైకి నెడతాయి. రాయి కూడా అంతే బలంతో నీళ్ళను కిందికి నొక్కుతుంది. కాటాకు తెలిసేది ఆ నొక్కుడే. మిగతా బరువు మన చెయ్యి మోస్తుంది. రాయి అడుగున ఆనిందో, లెక్క పోయినట్టే. ఘన సెంటీమీటరు నీళ్ళు ఒక గ్రాము కాబట్టి వేరే లెక్క అక్కర్లేదు.

మేము మూడు రాళ్ళు తీసుకున్నాం. మొదటిది ఇంటి పునాదికి తెచ్చిన గ్రానైటు (బళ్ళారి కోటగుట్టదీ గ్రానైటే, దాన్ని మాత్రం ముట్టుకోలేదు). బరువు 318 గ్రాములు, నీళ్ళలో కాటా చూపింది 120. అంటే 2.65. రెండోది సండూరు వైపు నుంచి వచ్చిన ఇనుప ఖనిజం, హెమటైట్. 362 గ్రాములు, 74. అంటే దాదాపు 4.9. శుద్ధమైన హెమటైట్ 5.26 దాకా ఉంటుంది.

మూడోది ఎర్రచారలు, తెల్లచారలు ఉన్న రాయి. 252 గ్రాములు, 70. అంటే 3.6. తెల్లచార క్వార్ట్జ్ (2.65), ఎర్రచార హెమటైట్. వేరే ఏమీ లేదనుకుంటే, ఘనపరిమాణంలో 36 శాతం, బరువులో 53 శాతం హెమటైట్ అని వచ్చింది. హెమటైట్‌లో ఇనుము 70 శాతం కాబట్టి ఆ రాయిలో ఇనుము సుమారు 37 శాతం. రాయి పగలగొట్టకుండా, యాసిడ్ లేకుండా! నాకైతే ఇదే అన్నిటికన్నా నచ్చింది.

ఇందాకటి పిల్ల వాళ్ళ నాన్న ఖనిజం లారీ డ్రైవరు. తొట్టి సగమే నిండినా బండి ఓవర్‌లోడ్ అంటారని, దిగుడులో బ్రేకులు వేడెక్కుతాయని ఇంట్లో భయపడతారట. "సగం ఖాళీగా ఉంటే లోడు ఎట్లా ఎక్కువవుతుంది?" అంది. పలక మీద లెక్క వేశాం. 10 ఘనమీటర్ల తొట్టి, ముక్కల మధ్య సందులు సగం అనుకుందాం. నిండా కంకర (మన జల్లి) పోస్తే 13 టన్నులు. అదే తొట్టికి నిండా ఖనిజం పోస్తే దాదాపు 25. అంటే ఖనిజంతో సగం తొట్టి నిండేసరికే, నిండు కంకర లోడు ఎక్కేసినట్టు. ఆ పైన వేసే ప్రతి గంపా బ్రేకుల మీదే. ఆ పిల్ల లెక్కను నోటుబుక్కులో ఎక్కించుకుని, నాన్నకు చూపిస్తానని పట్టుకెళ్ళింది.

చిన్న గులకరాళ్ళతో చేయకండి. రెండు గ్రాములు చూపాల్సిన చోట ఒక గ్రాము తగ్గితే సమాధానం రెట్టింపైపోతుంది. మునిగిన రాయికి అంటుకున్న బుడగల్ని వేలితో తుడవండి. ఇటుకలాంటివి నీళ్ళు పీల్చుకుంటాయి, వాటికి ఈ పద్ధతి సరిగ్గా కుదరదు.

మాటల సంగతి కూడా చెప్పాలి. కన్నడంలో రాయిని 'కల్లు' అంటే తెలుగు పిల్లలు కిసుక్కున నవ్వారు. మనం 'ఉప్పుకల్లు' అంటాం కదా, ఆ కల్లు ఇదే అన్నాను. వెంటనే, "అయితే ఉప్పుకల్లు సాంద్రత ఎంత?" అన్నారు. నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది. పెద్ద గడ్డ దొరికితే నూనెలో ముంచాలి. కాటా చూపిన గ్రాములను నూనె సాంద్రతతో, వేరుశెనగనూనెకైతే 0.91తో, భాగిస్తే ఘనపరిమాణం వస్తుంది. సమాధానం 2.16 దగ్గర రావాలి. నూనె మాత్రం అమ్మను అడిగి తీసుకోండి.