పాత కారుకు వేరే కారు భాగం: పట్టడం వేరు, పనికిరావడం వేరు



ఈ మధ్య మన పూర్ణ, పద్మానగర్ ప్రాంతాల నుంచి ఇద్దరు ముగ్గురు తండ్రులు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "మా వాడు పాత పాలియో కొంటానంటున్నాడు. పాత జెన్ కొని అందులో ఎస్టీమ్ ఇంజిన్ వేయిస్తానంటున్నాడు. ఒప్పుకోవాలా, వద్దా?" నేను మెకానిక్‌ను కాను, బి.కాం. చదివి బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. అయితే వాహన రుణాల ఫైళ్లు ఏళ్ల తరబడి చూశాను. ఆర్సీ పుస్తకం, ఇన్సూరెన్సు కాగితం, గ్యారేజీ బిల్లు పక్కపక్కన పెట్టి చదవడం నాకు అలవాటు. ఆ అలవాటుతోనే ఈ పాఠం రాస్తున్నాను. నా జవాబు "వద్దు" కాదు, "సరే" కూడా కాదు. ముందు విషయం తెలుసుకుందాం.

మార్చుకోదగిన భాగాలు అంటే ఏమిటి?

సాంచాల మధ్య పెరిగిన మన పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. ఒక సాంచె పికింగ్ స్టిక్ విరిగితే జాబర్ కొత్త సాంచె తెప్పించడు, అదే కొలత గల స్టిక్ తెచ్చి బిగిస్తాడు. కానీ 44 అంగుళాల సాంచె బీము 52 అంగుళాల సాంచెకు ఎక్కదు. ఏది మారుతుందో, ఏది మారదో తెలియడమే జాబర్ విద్య.

కార్ల విషయంలో దీన్ని లోకానికి నిరూపించిన పరీక్ష 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌ల్యాండ్స్‌లో జరిగింది. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో మూడు క్యాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగాలన్నీ ఒకే కుప్పగా కలిపేశారు. వాటిలో 89 భాగాలను తీసేసి, వాటి బదులు స్టాకులోని భాగాలు పెట్టారు. ఆ కుప్పలోంచే మళ్లీ మూడు కార్లు బిగించి, ఒక్కొక్కటి 500 మైళ్లు నడిపారు. మూడూ నడిచాయి. అంతకు ముందు కార్ల భాగాలను ఫిట్టరు ఆకురాయితో రుద్ది ఒక్కొక్కటిగా అమర్చేవాడు. కొలత కచ్చితంగా ఉంటే ఆ రుద్దుడు అక్కర్లేదని ఆ రోజు తేలింది.

హాట్ హ్యాచ్‌బ్యాక్, మన దగ్గరి ఉదాహరణలు

విడిగా డిక్కీ లేకుండా వెనుక తలుపు పైకి లేచే చిన్న కారు హ్యాచ్‌బ్యాక్. అంత చిన్న కారులోనే పెద్ద ఇంజిన్, గట్టి సస్పెన్షన్ పెడితే దాన్ని హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటారు. 1976లో అమ్మకానికి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఈ రకానికి పేరు తెచ్చింది. మన దేశంలో 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6 అలాంటిదే. సచిన్ టెండూల్కర్ ప్రచారం చేసిన ఈ కారు మనకు పొరుగునే ఉన్న ముంబయి కుర్లా కర్మాగారంలో తయారైంది.

ఫియట్ కంపెనీ పాలియో, సియెనా, పెట్రా, అడ్వెంచర్ కార్లను ఒకే పునాది మీద కట్టింది. కాబట్టి సియెనా భాగాలు చాలావరకు పాలియోకు పనికొస్తాయి. మన దేశంలో ఫియట్ కార్ల అమ్మకం 2019లో ఆగిపోయింది. ఈనాడు పాలియోను బతికిస్తున్నది ఈ చుట్టరికమే.

మారుతిలోనూ చుట్టరికాలున్నాయి. 1993లో వచ్చిన జెన్ ఇంజిన్ 993 సీసీ. 1994లో వచ్చిన ఎస్టీమ్ ఇంజిన్ 1298 సీసీ. రెండూ సుజుకి 'జి' కుటుంబానివే. ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ అయితే 1248 సీసీతో ఫియట్, మారుతి, టాటా మూడు కంపెనీల కార్లలోనూ నడిచింది. పాలియో స్టైల్, స్విఫ్ట్, ఇండికా విస్టా అందుకు ఉదాహరణలు.

పట్టడం వేరు, పనికిరావడం వేరు

అసలు పాఠం ఇక్కడ ఉంది. మూడు ఉదాహరణలు చూడండి.

ఒకటి, చక్రం. పాలియో చక్రానికి నాలుగు బోల్టులు. వాటి కేంద్రాల గుండా గీసిన వృత్తం వ్యాసం 98 మిల్లీమీటర్లు. బజారులో సులువుగా దొరికే అల్లాయ్ చక్రాలు ఎక్కువగా 100 మిల్లీమీటర్లవి. తేడా రెండు మిల్లీమీటర్లే. వ్యాసార్ధంలో చూస్తే ఒక్క మిల్లీమీటరు. బలవంతంగా బిగిస్తే చక్రం ఎక్కినట్టే కనిపిస్తుంది. కానీ బోల్టు తల తన గుంటలో సరిగా కూర్చోదు, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. నడుస్తుండగా వదులవుతుంది, లేదా విరుగుతుంది. జ్యామితిలో ఒక మిల్లీమీటరు తప్పుకు పోయేది ఒక మార్కు. రహనాళ్ రోడ్డు మీద గోడౌన్ లారీల మధ్య చక్రం ఊడితే పోయేది ప్రాణం.

రెండు, మల్టీజెట్. ఇంజిన్ మూలం ఒకటే అయినా ప్రతి కంపెనీ తన కారుకు తగినట్టు మౌంటింగులు, వైరింగు, ఇంజిన్‌ను నడిపించే ఈసీయూ పెట్టెలోని ప్రోగ్రాము మార్చుకుంది. "అదే ఇంజిన్ కదా" అని మొత్తం తెచ్చి పెట్టేస్తే నడవదు. భాగం నంబరు చూసి కొనాలి, పేరు చూసి కాదు.

మూడు, జెన్‌లో ఎస్టీమ్ ఇంజిన్. ఇది పట్టే మార్పే. కుర్రవాళ్లు దీన్ని ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. కానీ ఆ బ్రేకులు వేసింది వెయ్యి సీసీ కారు కోసం. భౌతికశాస్త్రం ఏం చెబుతుంది? గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళితే వేగం మూడో వంతే పెరిగింది. బ్రేకులు ఆపవలసిన శక్తి మాత్రం 3600 నుంచి 6400 నిష్పత్తిలో, అంటే దాదాపు 1.8 రెట్లు పెరిగింది. పరుగు పెంచే ముందు ఆపే బలం పెంచాలి.

డబ్బు ఏ వరుసలో ఖర్చు చేయాలి?

1. ముందు టైర్లు. టైరు పక్కన చెక్కిన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదైతే పట్టు ఉండదు.

2. తరువాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. రెండేళ్లకోసారి మార్చాలి. గొట్టాలు పగిలాయేమో చూడాలి.

3. ఆపైన సస్పెన్షన్, స్టీరింగ్ కీళ్లు, రబ్బరు బుష్‌లు.

4. తరువాత కూలింగు, టైమింగ్ బెల్టు. పాలియో 1.6 వంటి ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బెల్టు ఖర్చు కొంచెం, ఇంజిన్ ఖర్చు కొండంత.

5. శక్తి పెంచే పనులు చిట్టచివర.

కామర్స్ విద్యార్థులు ఇంకొకటి గమనించాలి. ఆస్తిని ఉన్న స్థితిలో నిలబెట్టే ఖర్చు రెవెన్యూ వ్యయం, దాని సామర్థ్యం పెంచే ఖర్చు మూలధన వ్యయం అని చదువుకున్నారు. ఊహించుకుందాం: కారు 90,000 రూపాయలు, మరమ్మతు 45,000, సామర్థ్యం పెంచడానికి 40,000. లెక్కల పుస్తకంలో ఆస్తి విలువ 1,30,000 కావాలి. బజారులో కొనేవాడు అంత ఇవ్వడు. పాత కారుకు పాత కారు ధరే ఇస్తాడు. అందుకే ఆ 40,000 తిరిగి వస్తుందనే ఆశతో పెట్టకండి. "ఇప్పటికే ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం పెడదాం" అనే మాట ఇంకా ప్రమాదం. పోయిన డబ్బు కొత్త ఖర్చుకు కారణం కాకూడదు.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే మాట స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణలో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అరిగిన భాగం స్థానంలో అదే రకం భాగం వేయడం మరమ్మతు, దానికి భయం లేదు. చెడిపోయిన ఇంజిన్ బదులు అదే రకం ఇంజిన్ వేసినా నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీవో అనుమతితో ఆర్సీలో ఎక్కించాలి. 993 సీసీ అని ఆర్సీలో ఉండగా బానెట్ కింద 1298 సీసీ ఉంటే, బోల్టులు సరిపోయినా కాగితం సరిపోదు. మన రాష్ట్రంలో సొంత కారుకు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ల చొప్పున పునరుద్ధరించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. తనిఖీలో ఈ తేడా బయటపడుతుంది. ప్రమాదం జరిగాక బయటపడితే ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిము నిరాకరించడానికి అదే కారణం చూపవచ్చు. అప్పుడు దెబ్బ తగిలిన వారి పరిహారం భారం ఇంటి మీద పడుతుంది, చెల్లెలి కాలేజీ ఫీజు మీద పడుతుంది.

కుర్లా పాత సామాను బజారులో కొన్నా బిల్లు అడిగి తీసుకోండి. దొంగ సొత్తు అని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం.

దీన్ని చదువుగా మార్చుకోండి

ఈ ఆసక్తి చెడ్డది కాదు. పది పాసైన వారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల కోర్సు ఉంది. పాత కారు మీద చేయి పెట్టిన కుర్రవాడు అక్కడ ముందు వరుసలో ఉంటాడు. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ భాగం, దాని నంబరు, ఏ కారు నుంచి వచ్చింది, ఎంత ధర, ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేశారు అని ఐదు గళ్లు గీయండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకమే మీ అర్హత పత్రం అవుతుంది.

తల్లిదండ్రులకు నా సలహా ఇదే. పిల్లవాడు కారు అడిగితే ముందు ఈ పుస్తకం చూపించమనండి. టైరు తేదీ చదవగలిగి, భాగం నంబరు చెప్పగలిగి, ఆర్సీలోని సీసీ గుర్తున్నవాడైతే కొనివ్వండి. సౌండు, స్పీడు మాత్రమే చెప్పేవాడైతే ఇంకో ఏడాది ఆగమనండి.

అభ్యాసం

1. గంటకు 50 కిలోమీటర్ల నుంచి 100కి వేగం పెరిగితే బ్రేకులు ఆపవలసిన శక్తి ఎన్ని రెట్లవుతుంది?
2. టైరు మీద 4721 అని ఉంటే అది ఎప్పుడు తయారైంది?
3. అరిగిన బ్రేక్ ప్యాడ్ మార్చడం ఏ వ్యయం? పెద్ద ఇంజిన్ వేయడం ఏ వ్యయం? కారణం రాయండి.
4. మీ ఇంటి వాహనం ఆర్సీ తీసి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ వాహనంతో సరిచూడండి. తేడా ఉంటే ఇంట్లో పెద్దలకు ఈరోజే చెప్పండి.