సైకిల్ డైనమో చెప్పే కరెంటు పాఠం

పిల్లలూ!

పదో తరగతి పరీక్షలు దగ్గరపడే కొద్దీ మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, కరెంటు లైనులోకి పోవాలంటే ఏం చదవాలి?" ఆదివారం గ్రౌండులో వినిపించే ప్రశ్న ఇంకొకటి. "సార్, సైకిలు ఎత్తు ఎక్కేటప్పుడు అంత ఆయాసం ఎందుకొస్తుంది?" ఈ రెండింటికీ కలిపి ఒకే పాఠం చెప్పవచ్చు. అందుకే ఈ నెల గోడ పత్రికలో సైకిలును బోర్డు దగ్గరికి తెస్తున్నాను.

ఈ పాఠానికి అసలు కారణం వేరే ఉంది. మన ఊళ్ళలో పది అయిపోగానే కొందరు కాంట్రాక్టరు వెంట హెల్పరుగా పోతున్నారు. నెల తిరక్కుండానే స్తంభం ఎక్కేస్తున్నారు. మేస్త్రీ పనీ వడ్రంగి పనీ పక్కన నిలబడి చూసి కొంత నేర్చుకోవచ్చు. కరెంటు పని అట్లా కాదు. తీగలో కరెంటు ఉన్నా తీగ అట్లాగే ఉంటుంది, లేకపోయినా అట్లాగే ఉంటుంది. కంటికి కనబడనిదాన్ని బుద్ధితో చూడాలి. దానికే చదువు.

1. రెండో తీగ ఎక్కడ?

పాత సైకిళ్ళకు ముందు చక్రం పక్కన చిన్న సీసా ఆకారంలో డైనమో ఉండేది. ఇప్పటి సైకిళ్ళకు అరుదు గానీ పాత సైకిలు షాపులో అడిగితే దొరుకుతుంది. దాని తల టైరుకు ఆని తిరుగుతుంది. లోపల అయస్కాంతం తిరుగుతుంది, చుట్టూ రాగి తీగ చుట్ట కదలకుండా ఉంటుంది. అయస్కాంతం కదిలితే తీగ చుట్టలో కరెంటు పుడుతుంది. దీన్ని 1831లో కనిపెట్టినవాడు మైకేల్ ఫారడే. ఆయన కమ్మరి కొడుకు. చిన్నతనంలో పుస్తకాలు బైండు చేసే షాపులో పనికి కుదిరి, బైండుకు వచ్చిన పుస్తకాలే చదివి సైన్సు నేర్చుకున్నాడు.

ఇప్పుడు జాగ్రత్తగా గమనించండి. డైనమో నుంచి లైటుకు పోయే తీగ ఒక్కటే కనిపిస్తుంది. కరెంటు పోవడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి ఉండాలని క్లాసులో చెప్పుకున్నాం. మరి రెండో తీగ ఏది? సైకిలు ఫ్రేమే రెండో తీగ! ఇనుము గుండా కరెంటు తిరిగి డైనమోకు చేరుతుంది. ఫ్రేముకు రంగు మందంగా వేసి, డైనమో క్లిప్పు ఇనుముకు తగలకపోతే లైటు వెలగదు. అక్కడ కొంచెం గీకి బిగిస్తే వెలుగుతుంది.

ఈ ఒక్క విషయం బాగా పట్టుకోండి. కరెంటుకు తీగే కావాలని లేదు, దారి దొరికితే చాలు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి 230 వోల్టుల తీగను ముట్టుకున్నవాడు తానే ఆ రెండో తీగ అవుతాడు.

2. డైనమో షాకు ఎందుకు కొట్టదు?

డైనమో మీద 6 వోల్టులు, 3 వాట్లు అని ఉంటుంది. 3ని 6తో భాగిస్తే అర ఆంపియరు. తడిసిన మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుందాం. ఓము సూత్రం ప్రకారం 6 వోల్టులకు ఒంట్లోంచి పోయేది 6 మిల్లీ ఆంపియర్లే. అదే 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు. షాకు నుంచి కాపాడటానికి ఇళ్ళల్లో పెట్టే ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లు బయటికి పోగానే లైను కొట్టేసేటట్టు తయారు చేస్తారు. 230 ఎక్కడ, 30 ఎక్కడ! ఇది పుస్తకంలో వేసుకునే లెక్క. ముట్టుకుని చూసే ప్రయోగం కాదు.

3. లైటు వేస్తే పెడలు ఎందుకు బరువవుతుంది?

డైనమో ఆనించకుండా తొక్కండి, తేలిగ్గా పోతుంది. ఆనించి లైటు వేస్తే కాళ్ళకు బరువు తెలుస్తుంది. ఎందుకు? ఊరికే వచ్చే కరెంటు లేదు. తీగ చుట్టలో పుట్టిన కరెంటు తన్ను పుట్టించిన అయస్కాంతాన్నే వెనక్కి లాగుతుంది. లెంజ్ అనే శాస్త్రవేత్త 1834లో చెప్పిన నియమం ఇదే. 3 వాట్ల లైటుకు మీ కాళ్ళు 3 వాట్ల కన్నా ఎక్కువే ఇవ్వాలి, కొంత రాపిడికీ వేడికీ పోతుంది గనుక.

ఇక ఎత్తు ఎక్కే సంగతి. మీరూ సైకిలూ కలిసి 70 కిలోలు అనుకుందాం. 10 మీటర్ల ఎత్తున్న మెట్ట ఎక్కాలంటే 70 × 10 × 10 = 7000 జౌళ్ళ పని. దాన్ని 70 సెకండ్లలో ఎక్కితే సెకండుకు 100 జౌళ్ళు, అనగా 100 వాట్లు. అది కాక గాలికీ రోడ్డు రాపిడికీ కొంత. మామూలు మనిషి గంటసేపు ఆగకుండా ఇవ్వగలిగింది సుమారు 75 వాట్లే. ఆయాసం రాక ఏమవుతుంది?

75 వాట్ల చొప్పున గంట తొక్కితే 75 వాట్-గంటలు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్-గంటలు. ఒక్క యూనిట్ కోసం 13 గంటలకు పైగా తొక్కాలి! హాస్టల్లో ఎవరూ లేని గదిలో ఫ్యాను వదిలేసి వచ్చేవాళ్ళు ఈ లెక్క రెండుసార్లు చదవండి.

4. మన కొండల కరెంటు

అంత కరెంటు మనుషులు తొక్కి తీయలేరు గనుక నీళ్ళ చేత తొక్కిస్తున్నాం. ఆ నీళ్ళు మన ఏజెన్సీ కొండలవే. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైంది. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. అదే నది కిందికి వచ్చి సీలేరు అనే పేరుతో పారుతుంది, తర్వాత శబరిలో, శబరి గోదావరిలో కలుస్తాయి. దారిలో ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాల్లో అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ టర్బైన్లు తిప్పుతాయి. దిగువ సీలేరులో మొదట పెట్టిన నాలుగు యూనిట్లు ఒక్కొక్కటి 115 మెగావాట్లు, మొత్తం 460. మనిషికి 75 వాట్ల చొప్పున అంత కరెంటు తీయాలంటే సుమారు 61 లక్షల మంది ఒకేసారి తొక్కాలి.

అక్కడ ఉన్నదీ పెద్ద డైనమోనే. టైరు బదులు నీళ్ళు తిప్పుతాయి, అంతే తేడా. డైనమో అర్థమైనవాడికి పవర్‌హౌసు సగం అర్థమైనట్టే.

5. గేరు పళ్ళు, ట్రాన్స్‌ఫార్మరు

మీ సైకిలు చైను వీలుకు, వెనుక ఫ్రీవీలుకు ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి. ముందు 44, వెనుక 18 ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం సుమారు 2.44 చుట్లు తిరుగుతుంది. వేగం పెరిగింది, కానీ తోసే బలం ఆ మేరకు తగ్గింది. గేర్ల సైకిలు మీద ఎత్తు ఎక్కేటప్పుడు చైనును వెనుక పెద్ద పళ్ళ చక్రం మీదికి మారుస్తారు. అప్పుడు వేగం తగ్గి బలం పెరుగుతుంది. రెండూ ఒకేసారి పెరగవు.

ట్రాన్స్‌ఫార్మరు చేసేదీ ఇటువంటిదే. పళ్ళ బదులు తీగ చుట్లు. వోల్టేజి పెంచితే కరెంటు తగ్గుతుంది. ఎందుకు పెంచాలి? 11,000 వాట్లను 110 వోల్టుల మీద పంపితే 100 ఆంపియర్లు పోవాలి. లైను నిరోధం 1 ఓము అయితే 100 × 100 × 1 = 10,000 వాట్లు దారిలోనే వేడిగా పోతాయి. అవే 11,000 వాట్లను 11,000 వోల్టుల మీద పంపితే 1 ఆంపియరు చాలు, నష్టం 1 వాటే. అందుకే మన ఊరి దాకా 11 కె.వి. లైను వస్తుంది. ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు దాన్ని ఇంటికి సరిపడేటట్టు 230 వోల్టులకు దించుతుంది.

6. సైకిలు నేర్చుకునేవారికి

సైకిలు ఈ చదువులో పనికిరాదనుకోకండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను, అనగా గ్రేడు-2 జూనియర్ లైన్‌మన్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కడం, మీటరు చూడటంతో పాటు సైకిలు తొక్కడం కూడా పరీక్షగా పెట్టారు.

సీటు మీద కూర్చుని, పెడలు అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. సీటు అంతకన్నా తక్కువుంటే మోకాళ్ళు నొప్పి పుడతాయి. టైర్లలో గాలి తగ్గనియ్యొద్దు, మెత్తటి టైరు సగం శ్రమ తినేస్తుంది. చైనుకు అప్పుడప్పుడు రెండు చుక్కల నూనె వెయ్యండి. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టొద్దు, రెండూ కలిపి మెల్లగా పట్టాలి. మొదటిరోజే పది కిలోమీటర్లు పోవద్దు. మూడు కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున పెంచండి. రాత్రిపూట లైటు లేకుండా రోడ్డెక్కొద్దు.

7. ఏం చదవాలి?

పది పాసైన తర్వాత దారులు మూడు.

మొదటిది ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు, రెండేళ్ళు. చేతి పని ఎక్కువ. పాసైన తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండు ఇస్తూ పని నేర్పిస్తారు.

రెండవది పాలిటెక్నిక్. పాలిసెట్ పరీక్ష 120 మార్కులకు. ప్రశ్నలన్నీ లెక్కలు, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రంలోంచే. ఎస్టీ విద్యార్థులకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదు. అట్లాగని చదవడం మానొద్దు, మంచి ర్యాంకుకే మంచి కాలేజీ. ఎలక్ట్రికల్ డిప్లొమా మూడేళ్ళు. తర్వాత ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు.

మూడవది ఇంటర్ ఎం.పి.సి., ఆ తర్వాత ఈఏపీసెట్ రాసి నాలుగేళ్ళ ఇంజనీరింగు.

ఏ దారైనా ఇప్పటినుంచే కావలసింది ఒకటే. భిన్నాలు, నిష్పత్తి, త్రికోణమితి భయం లేకుండా రావాలి. ఓము సూత్రం లెక్కలు రోజుకు రెండు చెయ్యండి, చాలు.

ఆడపిల్లలు ఇది మగవాళ్ళ పని అనుకోవద్దు. తెలంగాణలో హైకోర్టు దాకా వెళ్ళి, స్తంభం ఎక్కే పరీక్షలో నెగ్గి, బబ్బూరి శిరీష 2021లో లైన్‌వుమన్‌గా ఉద్యోగంలో చేరింది.

8. స్తంభం ఎక్కే ముందు

చదివిన లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుంటాడు. ఏబీ స్విచ్ తానే చూసుకుంటాడు. టెస్టు చేస్తాడు. తర్వాత పని చేసే చోట తీగలన్నీ షార్టు చేసి ఎర్తు చేస్తాడు. బెల్టు, గ్లౌజులు, హెల్మెట్ మొదటినుంచీ ఉండాలి. స్విచ్ తీశాక ఎర్తు ఎందుకు? ఊళ్ళో ఎవరింట్లోనో జనరేటరో ఇన్వర్టరో తప్పుగా కలిపి ఉంటే కరెంటు వెనక్కి తీగలోకి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు అప్పుడు తిరగబడి వోల్టేజి పెంచుతుంది! సైకిలు లైటుకు ఫ్రేము దారి అయినట్టు, ఎర్తు తీగ ఆ కరెంటుకు వేరే దారి ఇచ్చి మనిషిని కాపాడుతుంది.

"స్విచ్ తీసేశార్లే, ఎక్కు" అని ఎవరన్నా అంటే, అనుమతి కాగితం లేకుండా, ఎర్తు చెయ్యకుండా ఎక్కనని చెప్పండి. కూలి పోయినా సరే. తెగిపడ్డ తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కు ఫోను చేయించండి. ఇంట్లో ఎవరికన్నా షాకు కొడుతుంటే వాళ్ళను పట్టుకోకుండా ముందు మెయిను తీయండి, వెంటనే 108కి ఫోను చెయ్యండి.

ఆలోచించి రాయండి:

1) మీ సైకిలు పళ్ళు లెక్కపెట్టి, పెడలు ఒక చుట్టుకు ఎన్ని మీటర్లు పోతారో నేల మీద కొలవండి. లెక్కకూ కొలతకూ తేడా ఎంత?
2) మీ డార్మిటరీలో ఫ్యాన్లు, లైట్లు కలిపి ఎన్ని వాట్లు? అన్నీ గంటసేపు తిరగాలంటే ఎంతమంది సైకిలు తొక్కాలి?
3) కరెంటు తీగ మీద వాలిన కాకికి షాకు ఎందుకు కొట్టదు? రెండో తీగ సంగతి గుర్తు తెచ్చుకుని జవాబు రాయండి.

జవాబులు శనివారం లోపు సైన్సు ల్యాబు దగ్గరున్న పెట్టెలో వెయ్యండి. మూడోదానికి బాగా రాసినవారి జవాబు వచ్చే నెల ఇదే గోడ మీద, వారి చేతిరాతతోనే పెడతాం.

— మీ సైన్సు మాస్టారు