రైతు ఉత్పత్తిదారుల సంస్థలు: చట్టం గుర్తించే వ్యక్తిత్వం, సభ్యుల బాధ్యత

కృష్ణా తూర్పు డెల్టాలోని కంకిపాడు పరిసర గ్రామాల రైతులు వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలో మినుము చల్లి రెండవ పంట తీస్తారు. ఇటువంటి రైతులు కొందరు కలిసి విత్తనం కొని, మినుములు ఒకేచోట నిల్వ చేసి అమ్మదలచినట్లు భావించవచ్చు. గోదాము ఎవరి పేరున ఉండాలి? బ్యాంకు అప్పు తీరకపోతే ఎవరి ఆస్తి జప్తు అవుతుంది? సంస్థ ఏర్పడక ముందే ఈ ప్రశ్నలకు సమాధానం తెలియాలి.

చట్టపరమైన వ్యక్తి

రిజిస్టరైన సంస్థను చట్టం దాని సభ్యులకు భిన్నమైన వ్యక్తిగా పరిగణిస్తుంది. అది తన పేరున ఆస్తి కొనగలదు, అప్పు చేయగలదు, దావా వేయగలదు. సభ్యులు మారినా, మరణించినా సంస్థ కొనసాగుతుంది. 1896లో ఇంగ్లండులో సాలమన్ కేసు తీర్పు ఈ సూత్రాన్ని స్థిరపరచింది.

భారత సుప్రీంకోర్టు 1954లో బచా గుజ్దార్ కేసులో దీనిని వ్యవసాయ ఆదాయానికి అన్వయించింది. తేయాకు కంపెనీ ఆదాయంలో 60 శాతం వ్యవసాయ ఆదాయం కనుక, తన డివిడెండులోనూ ఆ మేరకు పన్ను మినహాయింపు ఉండాలని వాటాదారు కోరారు. తోట కంపెనీదే గాని వాటాదారుది కాదని, డివిడెండు వ్యవసాయ ఆదాయం కాదని కోర్టు తేల్చింది.

ఈ వ్యక్తిత్వానికి హద్దులున్నాయి. విశాఖపట్నం వాణిజ్య పన్నుల అధికారిపై స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేసిన కేసులో, కంపెనీ పౌరుడు కాదని, 19వ అధికరణం పౌరులకిచ్చే హక్కులను అది కోరలేదని సుప్రీంకోర్టు 1963లో చెప్పింది.

రైతుల ముందున్న మార్గాలు

ఉమ్మడి బాధ్యత బృందం: దీనికి ప్రత్యేక చట్టపరమైన వ్యక్తిత్వం లేదు. బృంద రుణానికి సభ్యులు పరస్పరం హామీదారులు.

సహకార సంఘం: ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాలు 1964 చట్టం కిందికి వస్తాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం సభ్యులకు మరింత స్వయంప్రతిపత్తినిచ్చింది. కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ ఈ రెండవ కోవకు చెందినది.

ఉత్పత్తిదారుల కంపెనీ: 2002 సవరణ ద్వారా కంపెనీల చట్టంలో దీనికి చోటు లభించింది. 2020 సవరణ ఈ నిబంధనలను 2013 చట్టంలో చేర్చింది. కనీసం 10 మంది ఉత్పత్తిదారులు దీనిని స్థాపించవచ్చు. డైరెక్టర్లు కనీసం 5గురు ఉండాలి. సభ్యులందరూ వ్యక్తులైనప్పుడు, వాటాలెన్ని ఉన్నా ఒకరికి ఒకే ఓటు. సభ్యత్వానికి ఉత్పత్తి కార్యకలాపమే ప్రాతిపదిక. భూయాజమాన్యం షరతు కాదు. కనుక కౌలురైతు సైతం సభ్యుడు కావచ్చు. డెల్టాలో ఈ అంశానికి విశేష ప్రాధాన్యం ఉంది.

పరిమిత బాధ్యత ఎంతవరకు?

వాటాలతో పరిమితమైన కంపెనీ నష్టపోతే, సభ్యుని బాధ్యత అతడు వాటాలపై చెల్లించవలసిన మొత్తానికే పరిమితం. అయితే రెండు సందర్భాలలో ఈ రక్షణ చాలదు. మొదటిది, బ్యాంకు కోరగా డైరెక్టరు వ్యక్తిగత హామీ పత్రంపై సంతకం చేయడం. అప్పుడు ఆ అప్పు అతని సొంత ఆస్తిని సైతం తాకుతుంది. రెండవది, నేరబాధ్యత. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద జారీ అయినది. ఆ చట్టం 10వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఉల్లంఘనకు పాల్పడితే, ఆ సమయంలో వ్యాపార నిర్వహణ బాధ్యత వహించినవారు సైతం దోషులుగా పరిగణింపబడతారు. ఉల్లంఘన తమకు తెలియదని, లేదా దాని నివారణకు తగిన జాగ్రత్త తీసుకున్నామని వారే రుజువు చేసుకోవాలి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

• రిజిస్ట్రేషన్‌కు ముందు కుదిరిన ఒప్పందాలకు సాధారణంగా సంతకం చేసినవారే బాధ్యులు. కొనుగోళ్లను రిజిస్ట్రేషన్ తరువాతే ప్రారంభింపజేయాలి.
• ఎరువుల లైసెన్సు, బ్యాంకు ఖాతా, గోదాము అద్దె పత్రం, బీమా సంస్థ పేరునే ఉండాలి.
• ప్రతి ఒప్పందంపై బోర్డు తీర్మానం ద్వారా అధికారం పొందినవారే సంస్థ తరఫున సంతకం చేయాలి.
• హామీ పత్రంలోని షరతులను సంతకానికి ముందే డైరెక్టర్లకు తెలుగులో చదివి వినిపించాలి.

సాగు మెలకువలు ఎంత చక్కగా బోధించినా, ఒక్క హామీ సంతకంతో రైతు తన ఎకరం పొలాన్ని కోల్పోయే ప్రమాదం ఉంది. అందుచేత సంస్థ ఆస్తికి, సభ్యుని ఆస్తికి గల భేదాన్ని వివరించడం సైతం విస్తరణ బోధనలో భాగం కావాలి.