మధ్యవర్తి లేని సందేశం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. కరెంటు పోయింది. టవర్లు పనిచేయక సెల్‌ఫోన్లు మూగబోయాయి. చేతిలో ఫోను ఉన్నా ఆత్మీయుల క్షేమం తెలియని స్థితి అది. అటువంటి వేళ ఒకే భవనంలో తలదాచుకున్నవారైనా ఫోన్ల ద్వారా సందేశాలు పంపుకోగలరా? పంపుకోగలరు.

సాధారణంగా మన సందేశం మొదట దూరాన ఉన్న సర్వరు అనే కంప్యూటరుకు వెళ్లి, అక్కడి నుండి అవతలివారికి చేరుతుంది. సర్వరు మూడు పనులు చేస్తుంది: చిరునామా తెలుపుతుంది, అవతలివారు అందుబాటులో లేకపోతే సందేశాన్ని దాచి ఉంచుతుంది, పంపినది ఎవరో సరిచూస్తుంది.

ఒకే వై-ఫై రౌటరుకు కలిసిన యంత్రాలు మొదటి పనిని తామే చేసుకోగలవు. రచ్చబండ దగ్గర నిలబడి పేరు పెట్టి కేకవేస్తే, ఆ పేరు గలవారే పలుకుతారు కదా! అలాగే ఒక కంప్యూటరు 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు తన ప్రశ్న పంపుతుంది. ఆ పేరు గల యంత్రం బదులిస్తుంది. ఆపై రెండూ నేరుగా మాట్లాడుకుంటాయి. ఆపిల్ సంస్థ 2002లో తన కంప్యూటర్లలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. 2005లో దానికి 'బోంజూర్' అని పేరు మార్చింది. ఒకప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం ఎరిగిన పలకరింపే ఇది!

దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు. రౌటరు బ్యాటరీతో నడిచినా చాలు. కాని ఆ రౌటరు పరిధి దాటి పక్క ఊరికి వార్త చేరదు.

మిగిలిన రెండు పనుల భారం మనుషులపై పడుతుంది. అవతలి యంత్రం ఆపి ఉంటే, అది తెరిచేదాకా వేచి ఉండాలి. ఇతరుల పేరు పెట్టుకొని ఎవరైనా మోసగించవచ్చు. రహస్యలిపిలోకి మార్చని సందేశాన్ని అదే నెట్‌వర్కులోని వేరొకరు చదవవచ్చు. అందుకే 'బ్రయర్' అనే ఉపకరణంలో ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరి ఫోనులోని గుర్తును మరొకరి ఫోనుతో చదివించుకునే ఏర్పాటు ఉంది.

మధ్యవర్తి లేనిచోట మాటకు పూచీ మనిషిదే. పేరు చూసి కాదు, మనిషిని ఎరిగి నమ్మాలి.

అర్థాలు
మధ్యవర్తి = ఇద్దరి నడుమ ఉండి పని జరిపించేవాడు
పరిధి = హద్దు
పూచీ = హామీ, బాధ్యత

ప్రశ్నలు
1. సర్వరు చేసే మూడు పనులు ఏవి?
2. రచ్చబండ పోలికను మీ సొంత మాటలలో వివరించండి.
3. "మాటకు పూచీ మనిషిదే" – ఎందుకు?