కబురు అందాలి

మచ్చ బొల్లారంలో ఒక చిన్న ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలిది కాకినాడ దగ్గర ఉప్పాడ. సముద్రపు ఒడ్డు ఊరు. పెళ్ళయ్యాక భర్తతో ఇక్కడికి వచ్చింది. భర్త తాపీ పని చేస్తాడు. ఆమె తమ్ముడు మాత్రం ఉప్పాడలోనే ఉన్నాడు. బోటు మీద చేపల వేటకు పోతాడు.

ఒకనాడు పొద్దున్నే టీవీలో వార్త వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందట. వేటకు పోవద్దట. పోయినవాళ్ళు వెంటనే తిరిగి రావాలట.

ఆమె గుండె జారిపోయింది. తమ్ముడు వేటకు పోయి రెండు రోజులైంది. ఫోను చేసింది. కలవలేదు. పదిసార్లు చేసింది. కలవలేదు.

ఆమెకు చిన్నప్పటి తుఫాను గుర్తుకొచ్చింది. అది 1996 నవంబరు 6న వచ్చింది. గోదావరి జిల్లాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు పోయినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. నడి సముద్రంలో ఉన్నవాళ్ళకు కబురు చెప్పే సులువైన దారి అప్పుడు లేదు.

పక్కింటి అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఏడుపు విని వచ్చింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"తమ్ముడికి ఫోను కలవడం లేదమ్మా. ఏమైపోయాడో!"

"ఫోను కలవకుంటే మనిషికి ఏదో అయిందని కాదు పెద్దమ్మా. అక్కడ టవరు లేదు, అంతే. నువ్వు కూర్చో, చెప్త."

అమ్మాయి ఇలా చెప్పింది.

సెల్‌ఫోను టవరు ద్వారా పని చేస్తుంది. టవర్లన్నీ నేల మీదే ఉంటాయి. భూమి గుండ్రంగా ఉంటుంది కదా. పడవ దూరం పోయేకొద్దీ ఒడ్డు కిందికి దిగిపోయినట్టు కనబడుతుంది. టవరు కూడా అట్లాగే మరుగున పడుతుంది. ఒడ్డు నుంచి సుమారు 10, 12 కిలోమీటర్లు దాటితే సిగ్నలు అందదు. ఇంటర్నెట్ కూడా ఆ టవరు నుంచే వస్తుంది. అందుకే అక్కడ వాట్సాప్ కూడా రాదు.

"మరి తుఫాను సంగతి వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?" అని ఆమె అడిగింది.

"ఆకాశం నుంచి తెలుస్తది!" అంది అమ్మాయి.

2017 నవంబరు చివర కేరళ, తమిళనాడు వైపు ఓఖీ తుఫాను వచ్చింది. అది పుట్టేసరికే చాలా పడవలు దూరం పోయాయి. హెచ్చరిక వాళ్ళకు అందలేదు. ఎందరో జాలరులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాత 2019లో జెమిని అనే చిన్న పరికరం వచ్చింది. అది ఉపగ్రహం నుంచి కబురు అందుకుని ఫోనుకు ఇస్తుంది. కాని దానితో కబురు వినడమే. తిరిగి చెప్పడం కుదరదు.

ఆ లోటు తీర్చడానికి ట్రాన్స్‌పాండరు వచ్చింది. దీన్ని ఇస్రో తయారు చేసింది. లక్ష బోట్లకు వీటిని ఉచితంగా బిగించే పథకాన్ని 2024 ఆగస్టు 30న ప్రారంభించారు. దీంతో కబురు అటూ ఇటూ పోతుంది. తుఫాను హెచ్చరిక బోటుకు వస్తుంది. ఆపదలో బటన్ నొక్కితే బోటు ఎక్కడుందో ఒడ్డున తెలుస్తుంది.

సముద్రం సంగతులు చెప్పే పెద్ద కేంద్రం ఒకటి ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్. 1999లో మొదలైంది. అది సముద్రపు ఒడ్డున లేదు! మన హైదరాబాదులోనే, ప్రగతి నగర్‌లో ఉంది. అలలు ఎంత ఎత్తు లేస్తాయో చెబుతుంది. చేపలు ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో దొరకవచ్చో చెబుతుంది. ఉపగ్రహాలు సముద్రపు వేడిని, రంగును చూస్తాయి. దాన్నిబట్టి చేపల జాడ కడతారు.

ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది. తమ్ముడి బోటుకు కొత్తగా ఏదో పెట్టె బిగించారని మరదలు చెప్పిన మాట గుర్తుకొచ్చింది.

చీకటి పడ్డాక ఫోను మోగింది.

"అక్కా! తెల్లారగట్లే పెట్టెలో కబురొచ్చింది. వల లాగేసి వెనక్కి తిరిగాం. దీపాలు కనబడతన్నాయి. ఒడ్డుకొచ్చేస్తన్నాం."

ఆమెకు నోట మాట రాలేదు. కాసేపటికి తేరుకుని, "ఒరేయ్, ఈసారి పోయే ముందు ఇంట్లో కాగితం రాసి పెట్టి పో!" అంది.

గుర్తు పెట్టుకోండి

1. వేటకు పోయే ముందు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టాలి. బోటు నంబరు, అందులో ఉన్నవారి పేర్లు, పోయే దిక్కు, తిరిగి వచ్చే రోజు రాయాలి.

2. సిగ్నలు లేనిచోట ఫోను ఊరికే టవరు కోసం వెతుకుతుంది. బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాలి. ఫోనుకు నీళ్ళు తగలకుండా చూడాలి.

3. జి.పి.ఎస్. టవరు లేకున్నా పని చేస్తుంది. కాని పటాన్ని ఒడ్డున ఉన్నప్పుడే ఫోనులోకి దించుకోవాలి.

4. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను వాడకూడదు. అది నేరం.

5. సముద్రంలో మనవాళ్ళు ఆపదలో ఉంటే ఒడ్డు నుంచి 1554 నంబరుకు ఫోను చేయాలి. తీర రక్షక దళం పలుకుతుంది. దీనికి డబ్బులు పడవు.

కొత్త మాటలు చదవండి

ఉపగ్రహం, వాయుగుండం, హెచ్చరిక, పరికరం, తీర రక్షక దళం

లెక్క చేయండి

ఒక బోటు ఒడ్డుకు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున ఒడ్డుకు వస్తోంది. ఒడ్డు నుంచి 12 కిలోమీటర్ల దాకా ఫోను కలుస్తుంది. ఎన్ని గంటల తరువాత ఫోను కలుస్తుంది?

మాట్లాడుకోండి

మీ ఇంట్లోవాళ్ళు దూరం పోయేటప్పుడు మీరు ఏమేం రాసి పెట్టుకుంటారు? ఇవాళే ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.